మెడ దగ్గర గొట్టం ఉంచుకుని విటమిన్ ఇ మింగిన పేషెంట్: ఒక డయాలసిస్ కేసు

ఈ కేసు రాయాలని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా. డయాలసిస్ పేషెంట్లు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఈమధ్య నన్ను అడిగే ప్రశ్నల్లో సగం "యాంటీఆక్సిడెంట్ వేసుకోవచ్చా డాక్టర్ గారూ" అనే (ఒంట్లో కణాల్ని కాల్చే ఆక్సిడేషన్‌ని ఆపుతాయనే విటమిన్ ఇ లాంటి మాత్రలు), ఒక్క ముక్కలో అవును కాదు అని చెప్పలేక ప్రతిసారీ పది నిమిషాలు పడుతోంది. పేషెంట్ ఒప్పుకున్నారు, ఆయన్ని గుర్తుపట్టే వివరాలేవీ పెట్టలేదు.

యాభై దాటిన మనిషి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఊరు, జీడితోటల్లో పనిచేసేవాడు. బీపీ పెద్దగా లేదు, షుగర్ లేదు, యూరిన్‌లో ప్రోటీన్ కూడా కొంచెమే, అయినా కిడ్నీలు రెండూ చిన్నవైపోయి ఉన్నాయి, అంటే ఆ ప్రాంతంలో మనం చూసే అదే కారణం తెలియని కిడ్నీ జబ్బు. డయాలసిస్ మొదలుపెట్టి మూడేళ్ళు. పద్నాలుగు నెలల కిందట గుండెకి స్టెంట్ పడింది, అప్పట్నుంచి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ నడుస్తున్నాయి. మొదటి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసేది) పాడైపోతే మెడ దగ్గర పర్మ్‌క్యాత్ అనే డయాలసిస్ గొట్టం వేశారు, తర్వాత ఎడమ చేతికి రెండో ఫిస్టులా చేశారు, అది బాగా పెరిగింది, మా దగ్గరికి వచ్చేసరికి నాలుగు నెలలుగా సూదులు ఆ చేతికే వేస్తున్నారు. కానీ మెడ దగ్గర గొట్టం అలాగే ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను అప్పుడు గుర్తుపెట్టుకోలేదు.

ఆయన వారానికి రెండే డయాలసిస్ సిట్టింగ్‌లకి వచ్చేవాడు. బస్సు దిగి ఆటో ఎక్కి రావాలి, పొద్దున్నే బయల్దేరితే ఇంటికి వెళ్ళేసరికి చీకటి పడుతుంది, అందుకే మూడోది వద్దు బాబూ అనేవాడు. ఒక్కో సిట్టింగ్‌లో మూడున్నర లీటర్ల పైన నీరు తీయాల్సొచ్చేది. 52 కేజీల మనిషికి నాలుగు గంటల్లో అంత తీస్తే కేజీకి గంటకి 17 ఎంఎల్ దాకా అవుతుంది, 13 దాటితేనే గుండెకి మంచిది కాదని మనం అందరికీ చెప్తుంటాం. మూడో గంట దాటాక పిక్కలు పట్టేసేవి, కేకలు పెట్టేవాడు, టెక్నీషియన్ పరిగెత్తి సెలైన్ ఇచ్చేవాడు, నీరు తీయడం ఆపేవాళ్ళం. రాత్రి ఇంటికెళ్ళాక మళ్ళీ పట్టేసేవి.

ఒకరోజు సూదులు తీశాక రక్తం ఆగలేదు. మామూలుగా పది నిమిషాలు నొక్కిపెడితే సరిపోయేది, ఆరోజు అరగంటైనా గాజుగుడ్డ తడుస్తూనే ఉంది. తర్వాత రెండు సిట్టింగ్‌లూ అంతే. ఆయన భార్య వచ్చి "ఏటి బాబూ, ఈ మద్దెన రగతం ఆగట్లేదు, కొత్తగా ఏటైనా మందిచ్చారా" అనడిగింది. మేము కొత్తగా ఏమీ ఇవ్వలేదు. మందుల సంచి చూపించమన్నా. సంచిలో అన్ని స్ట్రిప్‌ల మధ్య ఆకుపచ్చ జెల్ క్యాప్సూల్స్ స్ట్రిప్ ఒకటి ఉంది, విటమిన్ ఇ 400. మేనల్లుడు ఏదో వీడియో చూశాడంట, డయాలసిస్ వల్ల ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఆ ఆక్సిడేషన్ హద్దు మీరడం) పెరుగుతుంది, విటమిన్ ఇ రోజుకి రెండు వేసుకుంటే గుండెకి మంచిది, పిక్కల నొప్పులు కూడా పోతాయి అని అందులో చెప్పారంట. ఆరు వారాలుగా పొద్దున ఒకటి రాత్రి ఒకటి.

నిజం చెప్పాలంటే ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఆ వీడియో చెప్పింది ఉత్తి అబద్ధమేమీ కాదు. నేను కిడ్నీ స్పెషలిస్ట్ కోర్సు డీఎమ్ చదివే రోజుల్లో స్పేస్ అనే ట్రయల్ చదివి ఎంత ఉత్సాహపడ్డానో నాకింకా గుర్తుంది. 2000లో లాన్సెట్‌లో వచ్చింది, ఇజ్రాయెల్‌లో చేశారు, గుండెజబ్బు ముందే ఉన్న 196 మంది హీమోడయాలసిస్ పేషెంట్లని తీసుకుని సగం మందికి రోజుకి 800 ఐయూ (విటమిన్లు కొలిచే యూనిట్) విటమిన్ ఇ, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చారు, ఏడాదిన్నర దాకా చూశారు. గుండెపోటు, స్ట్రోక్, కాళ్ళ రక్తనాళాల జబ్బు, అన్‌స్టేబుల్ ఆంజైనా (ఉన్నట్టుండి ముదిరే గుండెనొప్పి) అన్నీ కలిపి విటమిన్ గ్రూపులో 97 మందిలో 15 మందికి, ఉత్తి మాత్ర గ్రూపులో 99 మందిలో 33 మందికి వచ్చాయి. ఒక్క గుండెపోటే తీసుకుంటే 5, 17. అంత తేడా ఏ మందుకి వచ్చినా ఎగిరి గంతేస్తాం. నా ఎదురుగా ఉన్న మనిషి కూడా సరిగ్గా ఆ ట్రయల్‌లో చేర్చుకునే రకమే, డయాలసిస్ మీద ఉన్నాడు, స్టెంట్ ఉంది, తెలియకుండానే అదే డోసు వేసుకుంటున్నాడు.

మరి ఎందుకు అందరికీ రాయడం లేదంటే, అదే ట్రయల్‌లో మరణాలు మాత్రం తగ్గలేదు. చిన్న ట్రయల్, మళ్ళీ అంత పెద్ద లాభం ఇంకెవరూ చూపించలేదు. అదే ఏడాది వచ్చిన హోప్ అనే ట్రయల్‌లో తొమ్మిదిన్నర వేల మందికి 400 ఐయూ నాలుగున్నరేళ్ళు ఇచ్చినా గుండెకి ఏ లాభమూ లేదు, అందులో కిడ్నీ కొంచెం దెబ్బతిన్నవాళ్ళని విడిగా చూసినా లేదు, ఇంకా పొడిగించి చూస్తే హార్ట్ ఫెయిల్యూర్ కొంచెం పెరిగింది. 2011లో సెలెక్ట్ ట్రయల్ ఫాలోఅప్‌లో 400 ఐయూ వేసుకున్న మగవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనపడింది. డయాలసిస్ వాళ్ళలోనే 2014లో ఇంకో ట్రయల్ వచ్చింది, 353 మంది, టోకోఫెరాల్‌తో (అంటే విటమిన్ ఇతో) పాటు ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ అనే ఇంకో యాంటీఆక్సిడెంట్ కూడా ఆరు నెలలు ఇచ్చారు, ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపే సీఆర్‌పీ తగ్గలేదు, ఐఎల్-6 తగ్గలేదు, రక్తం పెరగడానికి ఇచ్చే ఎపో ఇంజెక్షన్ అవసరమూ తగ్గలేదు. అప్పట్నుంచి నేను గుండె కోసం విటమిన్ ఇ రాయడం ఆపేశాను.

రక్తం ఆగకపోవడానికి వద్దాం. విటమిన్ ఇ ఎక్కువ డోసులో ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేస్తుంది, అది ఒంట్లో మారితే వచ్చే పదార్థం ఒకటి, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె పనికి అడ్డు తగులుతుంది. మామూలు మనిషికి ఇది తెలియను కూడా తెలియదు. కానీ ఈయనకి ఆస్పిరిన్ ఉంది, క్లోపిడోగ్రెల్ ఉంది, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఉంది, కిడ్నీలు పనిచేయక పేరుకున్న వ్యర్థాల వల్ల ప్లేట్‌లెట్లు ముందే మొద్దుబారి ఉన్నాయి, ఈ నాలుగిటి మీద ఐదోది ఇది. ఆపేయమన్నా, హెపారిన్ తగ్గించాం. పది రోజుల్లో సూది చోట రక్తం పన్నెండు నిమిషాలకి ఆగడం మొదలైంది. విటమిన్ కొవ్వులో నిలవుండేది కాబట్టి ఆపిన మర్నాడే తేడా కనపడదు, ఆ ఓపిక ఉండాలి.

అక్కడితో అయిపోయిందనుకున్నా. కానీ ఆ నెల బ్లడ్ రిపోర్టులు చూస్తే హీమోగ్లోబిన్ 7.4. మూడు నెలల కిందట 10.2 ఉంది. ఎపో ఇంజెక్షన్ వారానికి మొత్తం 12,000 యూనిట్లు పడుతోంది. దీన్ని బరువుతో భాగించి, మళ్ళీ హీమోగ్లోబిన్‌తో భాగిస్తే వచ్చే అంకెతో ఎపో ఎంత పనిచేస్తుందో లెక్కగడతాం, ఈయనకి 31 వచ్చింది, చాలా ఎక్కువ, అంటే ఇంజెక్షన్ నీళ్ళలో పోసినట్టే. నా మొదటి అనుమానం కూడా సూది చోట కారిన రక్తం, లేదా కడుపులో ఎక్కడైనా కారుతోందా అని. మోషన్ టెస్ట్ నెగటివ్, ఎండోస్కోపీలో కొంచెం గ్యాస్ట్రైటిస్, అంతే. సూది చోట పోయిన రక్తంతో మూడు గ్రాములు పడిపోదు.

అప్పుడు నీళ్ళ మీద అనుమానం వచ్చింది. డయాలసిస్‌లో వారానికి వందల లీటర్ల నీరు ఒక పల్చటి పొర అవతల రక్తాన్ని తాకుతూ పోతుంది, మున్సిపల్ నీళ్ళలో కలిపే క్లోరమైన్ కార్బన్ ట్యాంకులో ఆగకపోతే నేరుగా ఎర్ర రక్తకణాల మీద ఆక్సిడెంట్‌లా పడి వాటిని పగలగొడుతుంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే పుస్తకంలో మాట కాదు, నిజంగా కళ్ళముందు కనిపించే రూపం ఇది. ట్యాంకు తర్వాత టోటల్ క్లోరిన్ లీటరుకి 0.1 మిల్లీగ్రాము లోపే, అంటే హద్దులోనే ఉంది, రక్తకణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ మామూలుగా ఉంది, పక్క బెడ్‌ల వాళ్ళ హీమోగ్లోబిన్ బాగానే ఉంది. నీళ్ళ కల్చర్, ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చే విషం) టెస్ట్ కూడా పంపించాం, హద్దులోనే వచ్చాయి. నీరు కాదు.

మిగిలిన రిపోర్టులు చూడండి. ఫెరిటిన్ (నిలవున్న ఐరన్ లెక్క) 860, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో వాడకానికి దొరికే ఐరన్ లెక్క) 18 శాతం, ఆల్బుమిన్ (రక్తంలో ప్రోటీన్) 3.1, సీఆర్‌పీ 42. ఐరన్ గోడౌన్ నిండా ఉంది కానీ బయటికి రావట్లేదు, తలుపు మూసేశారు. ఆ తలుపు మూసేది హెప్సిడిన్ అనే హార్మోన్, దాన్ని పెంచేది ఇన్‌ఫ్లమేషన్. ఒంట్లో ఎక్కడో నిప్పు ఉంది. జ్వరం లేదు, దగ్గు లేదు, పంటి చిగుళ్ళు చూశాం, కాళ్ళు చూశాం.

ఆధారం ఇచ్చింది ఆయన భార్యే. "ఆ మెడకాడ గొట్టం కడిగిన రోజు రాత్రి వొణుకొస్తాది బాబూ, దుప్పటి కప్పితే తగ్గిపోద్ది, జొరం కాదు కదా అని సెప్పలేదు" అంది. గొట్టం వాడకపోయినా మూసుకుపోకుండా వారానికోసారి ఫ్లష్ చేసి హెపారిన్ లాక్ వేస్తున్నాం. అంటే ప్రతి వారం ఆ గొట్టం లోపల పేరుకున్న బాక్టీరియా పొరలోంచి కొంత మేమే రక్తంలోకి నెడుతున్నామన్నమాట. ఫిస్టులా బాగా పనిచేస్తున్న మనిషికి ఆ గొట్టం నాలుగు నెలలు దాటినా ఎందుకుంది అంటే, రెండు బ్లడ్ థిన్నర్లు ఉన్నాయి, తీస్తే రక్తం కారుతుందేమో, గుండె డాక్టర్‌ని అడిగి తీద్దాం, వచ్చే వారం చూద్దాం, అలా. పాత సెంటర్‌లో వాయిదా వేశారు, మా దగ్గరా వాయిదా పడింది. పర్మ్‌క్యాత్ తీయడం అంత భయపడాల్సిన పని కాదు, ఆ మందుల మీద ఉన్నవాళ్ళకి కూడా గట్టిగా నొక్కిపెడితే తీయొచ్చు. ఆ వాయిదాలో నా వంతు తప్పు ఉంది, ఆయనకీ చెప్పా.

బ్లడ్ కల్చర్లు తీశాం, గుండె డాక్టర్‌తో ఆరోజే ఫోన్‌లో మాట్లాడాం, స్టెంట్ పడి ఏడాది దాటింది కాబట్టి క్లోపిడోగ్రెల్ ఆపొచ్చు, ఆస్పిరిన్ ఉంచండి అన్నారు. మర్నాడే గొట్టం తీసేశాం. కల్చర్‌లో, గొట్టం కొసలో ఒకటే బాక్టీరియా పెరిగింది, చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడర్మిడిస్. డయాలసిస్ చివర్లో వాంకోమైసిన్ రెండు వారాలు. ఎకో చేశాం, వాల్వుల మీద ఏమీ లేదు, ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. ఇన్ఫెక్షన్ ఉన్నన్నాళ్ళూ ఐరన్ ఇంజెక్షన్ ఇవ్వలేదు, ఆ సమయంలో ఐరన్ ఇస్తే బాక్టీరియాకి మేత వేసినట్టు, పైగా విడిగా తిరిగే ఐరన్ కూడా ఆక్సిడెంటే. గుండె చరిత్ర ఉంది కాబట్టి ఒక యూనిట్ రక్తం ఎక్కించాం.

ఆరు వారాలకి సీఆర్‌పీ 6. వొణుకు మళ్ళీ రాలేదు. ఆకలి పెరిగింది, ముందు రెండు ముద్దలతో లేచిపోయేవాడు, ఇప్పుడు గుడ్డు, చేప తింటున్నాడు. మూడున్నర నెలలకి ఆల్బుమిన్ 3.7, హీమోగ్లోబిన్ 10.6, ఎపో వారానికి 6,000కి దిగింది, ఇందాకటి లెక్క 31 నుంచి పదిన్నరకి వచ్చింది. ఒక్క యాంటీఆక్సిడెంట్ మాత్ర లేకుండా.

ఇక్కడ కొంచెం ఆగి ఆ స్ట్రెస్ అసలు ఎక్కడ పుడుతుందో చెప్పాలి, లేకపోతే ఈ కేసు అర్థం కాదు. రక్తం డయాలైజర్ (రక్తాన్ని వడకట్టే ఫిల్టర్) పొరని తాకగానే తెల్లరక్తకణాలు దాన్ని శత్రువు అనుకుని సూపర్ఆక్సైడ్, మైలోపెరాక్సిడేజ్ లాంటి కాల్చే సరుకు వదులుతాయి, బాక్టీరియా ఉంటే ఇంకా రెచ్చిపోతాయి. అవి కణాల పైపొరలో ఉన్న కొవ్వుని తగలబెడతాయి, ఒక కొవ్వు అణువు పక్కదాన్ని, అది ఇంకోదాన్ని, తాటాకు ఇళ్ళ వరసలో నిప్పు అంటుకున్నట్టు. విటమిన్ ఇ ఆ పొరలోనే, కొలెస్ట్రాల్ మోసే ఎల్‌డీఎల్ రేణువుల్లోనే కూర్చుని ఉంటుంది, ఆ నిప్పుని తనమీద వేసుకుని వరసని తెంపుతుంది. కానీ అలా చేశాక అదే సగం కాలిన స్థితిలో ఉంటుంది, దాన్ని మళ్ళీ మామూలు చేసేది విటమిన్ సి. విటమిన్ సి నీళ్ళలో కరిగేది, ప్రతి సిట్టింగ్‌లో డయాలైజర్ గుండా కారిపోతుంది. విటమిన్ ఇ కొవ్వుతో అతుక్కుని ఉంటుంది, అది కారిపోదు, అందుకే డయాలసిస్ వాళ్ళలో రక్తంలో విటమిన్ ఇ కొలిస్తే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. అంటే చాలామందికి తక్కువైంది విటమిన్ ఇ కాదు, దాన్ని తిరిగి నిలబెట్టే జత తక్కువైంది. సి లేకుండా ఇ మాత్రమే పోస్తే ఆ సగం కాలిన రూపమే పోగై ఎల్‌డీఎల్‌లో ఎదురు పని కూడా చేయొచ్చని ల్యాబుల్లో చూపించారు. అలాగని విటమిన్ సి గ్రాములకొద్దీ మింగకండి, అది ఆక్సలేట్‌గా మారుతుంది, కిడ్నీ లేని ఒంట్లో ఆక్సలేట్ గుండెలో, ఎముకల్లో పేరుకుంటుంది, రోజుకి వంద మిల్లీగ్రాముల లోపు చాలు.

విటమిన్ ఇని మాత్రగా కాకుండా డయాలైజర్ పొరకే పూసే పద్ధతి జపాన్ వాళ్ళు తెచ్చారు, రక్తం ఎక్కడ రెచ్చిపోతుందో అక్కడే ఆపాలన్న ఆలోచన, నాకు ఆ ఆలోచన నచ్చుతుంది. ఆక్సిడేషన్ గుర్తులు తగ్గినట్టు చాలా చిన్న స్టడీల్లో వచ్చింది, మనుషులు ఎక్కువకాలం బతికినట్టు గట్టి రుజువు లేదు. మన దగ్గర ఒక్కో డయాలైజర్‌ని కడిగి మళ్ళీ మళ్ళీ వాడే సెంటర్లలో ఆ ఖర్చు గురించి మాట్లాడటం కంటే నీళ్ళు సరిగ్గా ఉంచడం మీద ఆ డబ్బు పెట్టడం మేలు అని నా అభిప్రాయం.

మళ్ళీ మన పేషెంట్. పిక్కల సంగతి మిగిలింది. విటమిన్ ఆపిన మొదటి నెల ఆయన నన్ను చూసిన ప్రతిసారీ "ఆ పచ్చ మాత్ర ఆపేసారు, పిక్కలు మల్లీ పట్టేస్తన్నాయి బాబూ" అనేవాడు. ఆయన మాట కొట్టిపారేయలేను. ఇరాన్‌లో 60 మంది డయాలసిస్ పేషెంట్ల మీద చేసి 2001లో వచ్చిన ట్రయల్ ఉంది, ఎనిమిది వారాలు, విటమిన్ ఇ 400 మిల్లీగ్రాములు, విటమిన్ సి 250, రెండూ కలిపి, ఉత్తి మాత్ర అని నాలుగు గ్రూపులు, మందు వేసుకున్న మూడు గ్రూపుల్లోనూ పిక్కలు పట్టడం బాగా తగ్గింది, రెండూ కలిపినవాళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ. చిన్నదే కానీ సరిగ్గా చేసిన ట్రయల్. అందుకే గుండె కోసం వద్దంటా కానీ పిక్కల కోసం అడిగితే ఆలోచిస్తా.

కానీ ముందు నీటి లెక్క సరిచేయాలి కదా. మూడో సిట్టింగ్‌కి ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది, ఒప్పించింది నేను కాదు, పక్క బెడ్ మీద ఉండే పెద్దాయన, ఆయన వారానికి మూడు వచ్చి తోటపని కూడా చేసుకుంటున్నాడు. ఇన్ఫెక్షన్ పోయి తిండి పెరిగి ఒంటికి కండ పట్టింది, కానీ మేము ఇంకా పాత 52 కేజీల డ్రై వెయిట్‌కే (ఎక్కువ నీరంతా తీశాక ఉండాల్సిన బరువు) నీరు లాగుతున్నాం, పిక్కలు పట్టక ఏం చేస్తాయి. మెల్లగా 54కి పెంచాం. సిట్టింగ్‌కి తీసే నీరు 2.3 లీటర్లకి వచ్చింది, కేజీకి గంటకి 11 ఎంఎల్ లోపు. మెషీన్ టెంపరేచర్ అర డిగ్రీ తగ్గించాం. డయాలసిస్ మీద పట్టేయడం దాదాపు పోయింది.

రాత్రిపూట పట్టేయడం మాత్రం ఉంది. అప్పుడు విటమిన్ ఇ 400 రోజుకి ఒక్కటే, ఎనిమిది వారాలకే అని చెప్పి మళ్ళీ మొదలుపెట్టాం. క్లోపిడోగ్రెల్ ఆగిపోయింది కాబట్టి ఈసారి ధైర్యం చేశా, సూది చోట రక్తం ఎన్ని నిమిషాలకి ఆగుతుందో ప్రతి సిట్టింగ్‌లో టెక్నీషియన్ రాస్తాడు, ఇరవై దాటితే ఆపేయాలి అని షరతు. ఆయన భార్యకి చదువు రాదు, క్యాలెండర్‌లో పిక్క పట్టిన రాత్రి బొట్టు పెట్టమన్నాం. మొదలుపెట్టక ముందు నెలలో పదకొండు బొట్లు, వేసుకున్న రెండో నెలలో నాలుగు. ఇది మాత్ర పనే అని నేను ప్రమాణం చేయలేను, మూడో సిట్టింగ్ అలవాటైంది, డ్రై వెయిట్ కుదిరింది, అన్నీ కలిసే జరిగాయి. రక్తం ఆగే టైము పన్నెండు, పద్నాలుగు మధ్యే ఉంది.

మధ్యలో ఆవిడ ఇంకో మాట అడిగింది, "మాత్ర బదులు జీడిపప్పు పెడితే సరిపోదా బాబూ, మా ఇంట్లో ఉంటాయి కదా" అని. ఇది ఆ వైపు నుంచి వచ్చే చాలామంది అడుగుతారు. జీడిపప్పులో విటమిన్ ఇ చాలా తక్కువ, వంద గ్రాములకి ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, ఫాస్ఫరస్ మాత్రం దాదాపు ఆరొందల మిల్లీగ్రాములు, డయాలసిస్ మనిషికి అది పనికిరాని బేరం. కొబ్బరినూనెలో కూడా విటమిన్ ఇ ఏమంత లేదు, ఇక కొబ్బరినీళ్ళు పొటాషియం వల్ల ఎలాగూ వద్దనే చెప్తాం. సన్‌ఫ్లవర్ నూనె ఒక పెద్ద చెంచాలో ఐదారు మిల్లీగ్రాములు ఉంటుంది, రోజుకి మనిషికి కావాల్సింది పదిహేను, కాబట్టి కూరలో ఆ నూనె వాడుకోమన్నా, పొటాషియం ఫాస్ఫరస్ బెంగ లేకుండా వచ్చేది అదే.

ఎనిమిది వారాలు అయిపోయాక మాత్ర ఆపాం. తర్వాతి నెల క్యాలెండర్ తెచ్చింది, ఐదు బొట్లు. నాలుగుకీ ఐదుకీ తేడా ఏముందని ఆయనే అన్నాడు, ఇంక వద్దులెండి బాబూ, సంచిలో మాత్రలు ఒకటి తగ్గినా సంతోషమే అని. మెడ దగ్గర గొట్టం ఉన్న చోట చిన్న మచ్చ మిగిలింది.